దర్జీగారి గ్లవ్స్ ముడి

ఆదివారం పొద్దున్నే అటక మీది బాక్సింగ్ గ్లవ్స్‌ను కాసేపు ఎండలో పెడదామనుకున్నాడు దర్జీ. అంతకు మించి ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. ఒకప్పుడు పగలంతా కుట్టుమిషను తొక్కి, సాయంత్రం వ్యాయామశాలలో పిడికిళ్ళు బిగించినవాడు. పద్దెనిమిది పోటీల్లో పదహారు గెలిచాడు. జిల్లా ఫైనల్లో గడియారాల మెకానిక్‌ను రెండో రౌండులోనే పడగొట్టాడు. ఆ దెబ్బ మీదే ముప్పై ఏళ్ళుగా వీధిలో ఆయన పరువు నిలబడి ఉంది.

తోలు వాసన తగలగానే కోచ్ ఈల చెవిలో మోగినట్టయింది. మనసాగక రెండు చేతులకీ తొడుక్కుని, తాళ్ళు పళ్ళతో లాగి బిగించాడు. అద్దం ముందు గాలికి నాలుగు గుద్దులు వడ్డించాడు. ఐదోదానికి నడుము పట్టేసింది. విప్పబోతే ముడి బిగుసుకుపోయింది. ఇంకోసారి లాగితే ముడికి బదులు కట్టుడుపళ్ళు ఊడొచ్చేలా ఉన్నాయి. చూస్తే భార్య బజారుకెళ్ళింది.

మోచేత్తో గడియ తీసుకుని ఎదురింటి ప్లంబరు దగ్గరికి బయల్దేరాడు. పైపు లీకు గురించి నిన్ననే ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"ఏమయ్యోయ్, ఇలా రా, నీతో పనుంది!" అన్నాడు దర్జీ రెండు చేతులూ ముందుకు చాచి.

"అయ్యబాబోయ్! మాటతో పోయేదానికి గుద్దులెందుకండీ?" అంటూ ప్లంబరు వెనక గుమ్మంలోంచి పరుగు లంకించుకున్నాడు.

ఆ కేకకు వీధంతా బయటికొచ్చింది. "గురువుగారు మళ్ళీ బరిలోకి దిగుతున్నారట," అన్నాడు పాలవాడు. వీధి చివరికి చేరేసరికి ఆ మాట "పాత ప్రత్యర్థికి సవాలు విసిరారట" అయింది. పావుగంటలో మెకానిక్ రొప్పుతూ వచ్చేశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పిలుపు కోసమే కూర్చున్నట్టు చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

జనం గుండ్రంగా నిలబడ్డారు. ఈ నడుముతో ఒక్క దెబ్బ తిన్నా ఇన్నాళ్ళ పేరూ మట్టిపాలే. దర్జీ గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, కొడితే కొడుదువుగానీ, ముందీ ముడి విప్పరా."

మెకానిక్ కళ్ళజోడు సర్దుకుని, జేబులోంచి సన్న పట్టకారు తీశాడు. ఓపిగ్గా ముడి విప్పుతుంటే తోలు వాసన ఆయనకూ తగిలింది. దర్జీ చెవి దగ్గరికి వంగాడు.

"నీకో మాట చెప్పాలిరా. ఆరోజు నేను నీ దెబ్బకి పడలేదు. బరువు తగ్గాలని రెండు రోజులు పస్తున్నా. కళ్ళు తిరిగి పడ్డా. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

 దర్జీ జనం వంక చూశాడు. ఎవరికీ వినపడలేదు. కాదని బుకాయించవచ్చు. కానీ తన చేతులింకా మెకానిక్ చేతుల్లోనే ఉన్నాయి.

"నేనూ పస్తేరా," అన్నాడు చివరికి. "నువ్వు ఇద్దరుగా కనిపించావు. నేను కొట్టింది ఆ రెండోవాణ్ణి."

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వులోనే ముడీ వీడింది. పోటీ రద్దయిందని జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అంతా తేల్చి చూస్తే, ఆనాటి ఫైనల్‌కు కడుపునిండా తిని వచ్చింది రిఫరీ ఒక్కడే.