వకీలు కోటుకు లైన్ క్లియర్

పళ్ళ డాక్టరుగారు ఆ రోజు క్లినిక్‌కు సెలవు ప్రకటించి, పెందలాడే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఈ హడావుడికంతా కారణం పెరట్లో నిమ్మమొక్క మీదున్న ఒక గొంగళిపురుగు. దాన్ని చూడటానికి సీతాకోకచిలుకల సంఘం కార్యదర్శి వస్తున్నారు. పురుగు ఆవిడకు నచ్చితే, ఆదివారం బడిపిల్లలను తోటలో తిప్పి పురుగులు చూపించే పని డాక్టరుగారికి అప్పగిస్తారు. ఆ పని కోసం ఆయన మొహం వాచిపోయి ఉన్నారు. లోగడ ఒక ఎండుపుల్లను ఫొటో తీసి, అరుదైన గొంగళిపురుగు అని పంపినప్పటి నుంచి సంఘంలో ఆయన పరువు కాస్త పలచబడింది. ఈసారి అలాంటి బెంగ లేదు. గుడ్డుగా ఉన్నప్పటి నుంచి కంటికి రెప్పలా కాచుకున్న పురుగు ఇది.

చూడటానికి అది అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. నలుపూ తెలుపూ కలిసి, తడితడిగా, ఆకు మీద పడ్డ మరకలాగే. ఏ పిట్టా రెట్టను తినదు కనుక దాని బతుకు నిశ్చింతగా గడిచిపోతుంది. ఈ సంగతి డాక్టరుగారు క్లినిక్‌లో నోరు తెరుచుకుని పడుకున్న వాళ్ళందరికీ చెప్పారు. ఎదురు చెప్పే స్థితిలో వాళ్ళు ఉండరు.

తీరా పెరట్లోకి వెళ్ళి చూస్తే ఆ ఆకు మీద పురుగు లేదు. దాని చోట్లో ఆకుపచ్చటి లావుపాటి పురుగొకటి దర్జాగా ఆకు నములుతోంది. వీపు మీద గుడ్లురిమినట్టు రెండు కళ్ళ మచ్చలు.

"నా బంగారాన్ని మింగేశావా!" అని డాక్టరుగారు పుల్లతో దాన్ని గోడ అవతలికి చిమ్మేశారు. అంతలోనే చిన్న ఆశ పుట్టింది. తన పురుగు భయపడి ఎటైనా పాకిపోయిందేమో! గబగబా మామగారిని పిలిచారు.

మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు ఒక మాట చెబితే తు.చ. తప్పకుండా చేస్తారు. ఎందుకని అడగరు, ఎక్కడ ఆపాలో కూడా అడగరు.

"మామయ్యగారూ, ఈ పెరట్లో పిట్టరెట్టలా కనిపించింది ఏదైనా సరే, మేడమ్ వచ్చి చూసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

"అంతే కదా అల్లుడుగారూ! మీరు నిశ్చింతగా ఉండండి" అని ఆయన పాత ఈల మెడలో వేసుకున్నారు.

పెరట్లో పెద్ద చెట్టుంది. దాని మీద పిట్టలకు తక్కువేం లేదు. డాక్టరుగారు సందు చివర కార్యదర్శి కోసం ఎదురుచూస్తున్న సమయంలో మామగారు వంటింట్లో గ్లాసులన్నీ తెచ్చి, కనబడిన ప్రతి రెట్ట మీదా ఒకటి బోర్లించారు. గ్లాసులు అయిపోయాక కప్పులు తెచ్చారు. కూతురి స్కూటర్ సీటు మీద రెట్టకు పాలగిన్నె దక్కింది.

"నాన్నా, నేను బ్యాంకుకు వెళ్ళాలి. ఆ గిన్నె తియ్యి!"

"మీ ఆయన ఆర్డరమ్మా. ఆయన్నే అడుగు."

అప్పుడు పక్కింటి వకీలుగారి తల గోడ మీద కనిపించింది. వాళ్ళావిడ ఉతికిన నల్లకోటు గోడ మీద ఆరేసి ఉంది. దాని చెయ్యి ఒకటి ఇవతలికి వేలాడుతోంది. ఆ చేతి మీద తాజా రెట్ట. వకీలుగారు అటు నుంచి కోటు లాగారు. మామగారు ఇటు నుంచి కోటు చెయ్యి పట్టుకుని ఈల ఊదారు.

"గార్డుగారూ, కోర్టు టైమవుతోంది, వదలండి!"

"కోటు మీదే ప్లీడరుగారూ. చెయ్యి మా పెరట్లో ఉంది. లైన్ క్లియర్ వచ్చేదాకా కదలడానికి వీల్లేదు."

"మీ మీద కేసు వేస్తాను!"

"వేయండి. కోటు లేకుండా ఎలా వాదిస్తారో నేనూ చూస్తాను."

ఇంతలో డాక్టరుగారు కార్యదర్శిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ డ్రాయింగ్ టీచరు, అబద్ధం ఆడటం చేతకాని మనిషి. బోర్లించిన గ్లాసులు చూసి, సంచిలోంచి భూతద్దం తీసి, ఒక్కొక్కటే ఎత్తి చూడసాగారు.

"ఇది రెట్ట. ఇదీ రెట్టే. ఇది కాకిది. డాక్టరుగారూ, నన్ను పిలిచింది వీటికేనా?"

డాక్టరుగారు ఇక దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశారు. "పొద్దున ఒక పచ్చపురుగు నా పురుగును తినేసినట్టుంది మేడమ్. లావుగా, రెండు కళ్ళ మచ్చలతో ఉంది. నేనూ ఊరుకోలేదు లెండి. గోడ అవతలికి విసిరిపారేశాను."

కార్యదర్శి భూతద్దం దించారు. "అదేనండీ మీ పురుగు. పెద్దదయ్యాక ఆఖరిసారి చర్మం విడిచి పచ్చగా మారుతుంది."

ఆదివారం సంగతి డాక్టరుగారికి అసలు గుర్తే రాలేదు. గుడ్డులోంచి బయటపడిన నాటి నుంచి సాకిన ప్రాణాన్ని తన చేత్తోనే విసిరిపారేశానన్న బాధతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాబోయ్! ఏమిటిది, ఈ కంపేమిటి!" గోడ మీంచి వకీలుగారు కేక పెట్టారు.

కోటు కాలరు మడతలోంచి పచ్చటి పురుగొకటి తల ఎత్తింది. ఈ లాగుడుకు విసిగిపోయి, నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి, ఘాటైన వాసన వదిలింది. కార్యదర్శి ఒక్క అంగలో గోడ దగ్గరకు చేరి, దాన్ని మెల్లగా నిమ్మాకు మీదికి ఎక్కించుకున్నారు. "దెబ్బేం తగల్లేదు. ఈ కోటు కోర్టుకు వెళ్ళి ఉంటే మాత్రం ఇది మనకు దక్కేది కాదు."

డాక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. నిమ్మమొక్క ముందు కూలబడి, పురుగుకు వినబడేలా క్షమాపణ చెప్పుకున్నారు.

"లైన్ క్లియర్!" అని మామగారు కోటు చెయ్యి వదిలేశారు. అవతల నుంచి ఇంకా బలంగా లాగుతున్న వకీలుగారి తల గోడ వెనక మాయమైంది.

కార్యదర్శి తన నిర్ణయం చెప్పారు. ఆదివారం పిల్లలు దేన్నీ ముట్టుకోకుండా చూసేందుకు గార్డుగారు ముందు నడుస్తారు. డాక్టరుగారు వెనక నడిచి, ఎవరైనా ఏదైనా అడిగితే, ఆవిడను అడిగి చెబుతారు.

డాక్టరుగారి భార్య స్కూటర్ మీది గిన్నె తీసి, నేల మీది గ్లాసులు ఏరి కడిగి, కాఫీ పట్టుకొచ్చింది. కార్యదర్శి గ్లాసు కేసి ఒకసారి చూసి, ఆ పొద్దుటి నుంచే కాఫీ మానేశానన్నారు.