నీలం కటకటాల వాటా

ఆ గురువారం పొద్దున క్రీస్తుదాసు పెట్టుకున్న పనులు రెండే. గడ్డం గీయించుకోవడం, సాయంత్రం మిల్లు వదిలాక బ్రాడీపేట వెళ్లి తన ఇంటిని ఒకసారి చూసి రావడం. తన ఇల్లని అనుకోవడమే గానీ అది అతనిది కాదు. అద్దెకు తీసుకున్నదీ కాదు. దాని లోపల కాలు పెట్టింది ఒక్కసారి, అదీ కాసేపు. అయినా ఆ ఇంట్లో మంచం ఏ గోడకు వేయాలో, దండెం ఎక్కడ కట్టాలో, భార్య రెబ్కా ఏ గడప మీద కూర్చుని తల దువ్వుకుంటుందో అన్నీ ఖాయం చేసేసుకున్నాడు.

అతను నల్లపాడులో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. రాత్రిళ్లు గోడౌన్లో పత్తి మీదే పడక. పత్తి మీద పడుకునే మనిషికి కలలు కూడా మెత్తగానే వస్తాయి. రెబ్కా పొదిలిలో అతని తల్లి ఎలీసమ్మ దగ్గర ఉండేది. పెళ్లయి ఏడాదిన్నర అయినా వాళ్లది శనివారం బస్సెక్కి వెళ్లి సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చే కాపురమే. సొంత గుమ్మం ఒకటి ఉంటే చాలు, మిగతా లోకంతో పనిలేదనుకునే దశలో ఉన్నాడతను.

కానీ ఆ రోజుల్లో గుంటూరులో పత్తి ధర పెరిగితే ఇంటద్దె పెరిగేది. పత్తి ధర తగ్గినప్పుడు మాత్రం అద్దెకు ఆ కబురు అందేది కాదు. క్రీస్తుదాసు తిరగని వీధి లేదు. కొందరు జీతం ఎంతని అడిగేవారు. కొందరు పేరు అడిగేవారు. పేరు చెప్పగానే, ఆ వాటా అల్లుడికిస్తామని మాటిచ్చిన సంగతి వాళ్లకు గుర్తొచ్చేది. ఆ ఏడు గుంటూరుకి ఎంతమంది అల్లుళ్లు రాబోతున్నారో తలుచుకుంటే అతనికే ఆశ్చర్యమేసేది. బ్రాడీపేటలో బాపయ్య ఒక్కడే పేరు అడగలేదు. నీలం రంగు కటకటాల వసారా, రెండు గదులు, వంటిల్లు, వెనక నుయ్యి అన్నీ తిప్పి చూపించి, రెండొందల యాభై అన్నాడంతే. క్రీస్తుదాసు మనసులో ఉన్నది నూట ఇరవై. దణ్ణం పెట్టి వచ్చేశాడు.

వచ్చేశాడు గానీ మనసు అక్కడే ఉండిపోయింది. ఆ శనివారం పొదిలిలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని రెబ్కాకి ఆ ఇంటి సంగతి చెప్పాడు. "వంటింట్లో కిటికీ ఉంది రెబ్కా. పొద్దున్నే ఎండ సరిగ్గా పొయ్యి పక్కన పడుతుంది." ఆమె లేచి కూర్చుని, "తీసేసుకున్నారా?" అంది. ఆ ముఖంలో వెలుగు చూశాక కాదనడానికి నోరు రాలేదు. "ఆఁ" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అద్దె నూట ఇరవై అన్నాడు. తర్వాత వారం ఆ ఇంట్లో చేరిపోయానన్నాడు. ఆ పై వారం వసారా పక్కన మల్లె అంటు పాతానన్నాడు. మూడు నెలల్లో ఆ ఇల్లు అతనికే నిజమైపోయింది. రోజూ సాయంత్రం వెళ్లి ఆ కటకటాల ముందు నిలబడి, తృప్తిగా చూసుకుని, తిరిగొచ్చి పత్తి మీద పడుకునేవాడు.

అలా ఉండగా ఆ గురువారం పొద్దున మిల్లులోకి పొదిలి నుంచి పత్తి లారీ వచ్చింది. పత్తి బస్తాల పైన ఒక నులకమంచం, దాని పక్కన ట్రంకుపెట్టె, రోలు, రెండు బిందెలు, వాటి మధ్యలో ఎలీసమ్మ, రెబ్కా కనిపించారు.

"ఇల్లుండగా ఇంకెన్నాళ్లురా ఈ తిరుగుడు?" అంది ఎలీసమ్మ దిగుతూనే. "లారీ ఎట్లాగూ మీ మిల్లుకే వస్తుందన్నారు. బస్సు చార్జీలు మిగిలాయి. పద, ఇల్లు చూపించు."

క్రీస్తుదాసు అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెబుదామనే నోరు తెరిచాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో రెబ్కా అతన్ని చూసి నవ్వింది. అతను నోరు మూసుకుని ఖాజావలిని పిలిచాడు.

ఖాజావలిది ఒంటెద్దు బండి. సామాను ఎక్కించారు, అత్తాకోడళ్లు ఎక్కారు, క్రీస్తుదాసు ముందు కూర్చున్నాడు. దారిలో ఏదో ఒక ఇల్లు దొరక్కపోతుందా అని అతని ధైర్యం. దారి పొడుగునా రెబ్కా అడుగుతూనే ఉంది, నుయ్యి లోతెంత, మల్లె చిగురేసిందా అని. అతను జవాబు చెబుతూ చెబుతూ మళ్లీ ఆ కలలోకి జారిపోయాడు. బండి బ్రాడీపేటలోకి వచ్చేసరికి, తాము నిజంగానే ఇంటికి వెళ్తున్నట్టు అతనికి హాయిగా ఉంది.

"ఏ వీధి సార్?" అన్నాడు ఖాజావలి. ఆ ప్రశ్నతో మెలకువొచ్చింది. "ఇటు తిప్పు," అన్నాడు. కాసేపటికి "అటు," అన్నాడు. రోడ్డు తవ్వారని ఒకసారి, లారీ అడ్డముందని ఒకసారి చుట్టూ తిప్పించాడు.

"ఏరా, నీ ఇంటికి దారి నీకే తెలవదా?" అంది ఎలీసమ్మ.

"సార్, ఈ వీధిలోకి రావటం ఇది మూడోసారి," అన్నాడు ఖాజావలి. "నాకంటే ముందు ఎద్దు గుర్తుపట్టింది."

గుర్తుపట్టిన ఎద్దు, ఇక తిరిగేది లేదన్నట్టు ఒక వేపచెట్టు నీడన ఆగి అక్కడే పడుకుంది. ఖాజావలి బతిమాలాడు, తోక మెలిపెట్టాడు, తిట్టాడు. లాభం లేక బరువు తగ్గిస్తే లేస్తుందని సామానంతా దించి గోడవారగా పెట్టాడు. క్రీస్తుదాసు తలెత్తి చూస్తే ఎదురుగా నీలం కటకటాలున్నాయి.

అది మిరపకాయల కాలం. ఆ వీధిలో ప్రతి డాబా మీదా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. అప్పుడే ఎవరో వాటిని తిరగబోస్తున్నారు. ఆ వీధివాళ్లకు అలవాటే గానీ, కిందనున్న ఎలీసమ్మకు ఆ ఘాటు నషాళానికంటింది. రోలు బోర్లించి దానిమీద కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కళ్లూ ముక్కూ ఏకం చేసుకుంది. సరిగ్గా ఆ సమయానికి బాపయ్య తింటున్న చెయ్యి కడుక్కోకుండానే తనుండే పక్క వాటాలోంచి బయటికొచ్చాడు.

"ఎవరయ్యా ఇది? నా గుమ్మం ముందు ఈ సామానేంటి? తియ్యండి. తీసుకుని ముందు ఇక్కణ్ణించి నడవండి."

ఎదురింటి బసవమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె కంటికి కనిపించిందల్లా వీధిన పడ్డ మంచం, వెక్కుతున్న ముసలామె, అరుస్తున్న బాపయ్య. బాపయ్య వాటాలో మనుషులు ఎంత తరచుగా మారేవారంటే, ఎవరొచ్చారో ఎవరు పోయారో పట్టించుకోవడం ఆ వీధి ఎప్పుడో మానేసింది. వెళ్లగొట్టడం మాత్రం అందరికీ గుర్తే.

"మళ్లీ మొదలెట్టావా బాపయ్యా?" అంది బసవమ్మ వీధి చివరికి వినపడేట్టు. "మొన్న దసరాకి టైపు మాష్టారి సామానూ ఇట్లాగే పారేశావు. ముసలావిడని చూసైనా జాలి లేదా?"

"నేనెవర్ని పారేశానే? అసలు వీళ్లెవరో నాకు తెలియదు."

"టైపు మాష్టారప్పుడూ ఇదే మాటన్నావు."

నలుగురూ చేరారు. వీధికి పెద్దమనిషి, లెక్కల మాష్టారుగా చేసి రిటైరైన అంకమ్మరావు గారు పడక్కుర్చీలోంచి లేచి వచ్చారు. బసవమ్మ క్రీస్తుదాసుని చూపించింది. "ఈ అబ్బాయిని నేనెరగనా మాష్టారూ? రోజూ సాయంత్రం ఈ కటకటాల దగ్గరే నిలబడి ఉంటాడు. ఒకరి జోలికి పోడు, ఒక మాట మాట్లాడడు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. క్రీస్తుదాసు చేతులు జోడించాడు. "అమ్మా, మీరు పొరబడుతున్నారు," అన్నాడు. "మేమీ ఇంట్లో ఎప్పుడూ లేమండీ."

"చూశారా, ఎంత బెదిరించి ఉంటే ఇట్లా అంటాడు," అంది బసవమ్మ.

అప్పటిదాకా బిందెలు సర్దుతున్న రెబ్కా లేచి నిలబడింది. ఆమె ఆ నీలం కటకటాల్ని చూసింది. మూడు నెలలుగా కళ్లు మూసుకుంటే కనిపిస్తున్న ఇల్లు కళ్లెదుట ఉంది. ఆ ఇంటిముందే తన మొగుణ్ణి ఎవరో నడవమంటున్నారు.

"ఎందుకండీ భయం?" అంది అతనితో. తర్వాత మాష్టారి వైపు తిరిగింది. "మూడు నెలల నించీ మా ఆయన ఇక్కడే ఉంటున్నారండీ. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే మునక్కాయలు అందుతాయి. నూతి దగ్గర బండ పగిలింది. జారతావు జాగ్రత్త అని నాకు ముందే చెప్పారు. నేనీ ఊరు రావటం ఇవాళే. లేకపోతే నాకెట్లా తెలుస్తుంది?"

అంకమ్మరావు గారు ఏదీ రుజువు చూడకుండా ఒప్పుకునే మనిషి కాదు. వీధివాళ్లలో ఇద్దరిని వెంటబెట్టుకుని పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లారు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక మునక్కాయ ఉంది. దాన్ని అందరికీ కనపడేలా పట్టుకుని, "బండ కూడా పగిలే ఉంది," అన్నారు. "అద్దె ఎంతిస్తున్నారమ్మా?"

"నూట ఇరవై అండీ."

బాపయ్యకు ఒళ్లు మండిపోయింది. "నూట ఇరవయ్యా? రెండొందల యాభై అని ఇతనికి నా నోటితో చెప్పాను. ఇచ్చుకోలేనని వెళ్లిపోయాడు."

మాష్టారు నెమ్మదిగా అన్నారు, "ఇందాక వీళ్లెవరో తెలియదన్నావు బాపయ్యా."

ఆ తర్వాత బాపయ్య ఏం చెప్పినా అతని మెడకే చుట్టుకుంది. వాటాకి మూడు నెలలుగా తాళం వేసే ఉందన్నాడు. "అయితే తాళంచెవి కూడా లాక్కున్నావన్నమాట," అన్నారెవరో. కేసు పెడతానన్నాడు. అప్పుడు బసవమ్మ డాబా వైపు చూపించి చల్లగా ఒక మాట అంది.

"అట్లాగే పెట్టుకో. ముందు మా డాబా మీద నీ కాయలు ఈ పూటే ఎత్తించుకో."

పక్కింటావిడా అదే అంది. ఆ పక్కాయనా తలూపాడు. తన పొలంలో పండిన మిరపకాయలు ధర వచ్చేదాకా ఆరబెట్టుకోవడానికి సొంత డాబా చాలక, బాపయ్య వీధిలో సగం డాబాలు అడిగి పరిచాడు. అతను ఆ ఎర్రటి డాబాల వంక చూశాడు, రోలు మీద ముసలామె వంక చూశాడు, ఆకాశం వంక కూడా చూశాడు. ఎటు చూసినా అతని వైపు ఒక్కరూ లేరు. మొలలోంచి తాళంచెవి తీసి మాష్టారి చేతిలో పెట్టాడు.

"పాత అద్దే," అన్నారు మాష్టారు. "పెంచాలంటే మాతో చెప్పి పెంచాలి."

సామాను నలుగురూ తలో చెయ్యీ వేసి లోపల పెట్టారు. సామాను మళ్లీ బండెక్కదని తేల్చుకుని ఎద్దు లేచి నిలబడింది. ఖాజావలి కిరాయి తీసుకుంటూ, "ఇల్లు ఇదేనని మొదట్లోనే చెప్పుంటే మూడు చుట్లు తప్పేవి సార్," అని వెళ్లిపోయాడు. ఎలీసమ్మ కళ్లు కడుక్కుని, వసారాలో చాప పరుచుకుని పడుకున్న నిమిషానికే గుర్రు పెట్టింది.

దీపాల వేళకి రెబ్కా లోపలి గదులన్నీ తిరిగి చూసింది. ఎక్కడా ఒక చొక్కా వేలాడటం లేదు. పొయ్యిలో బూడిద లేదు. గూళ్లలో సాలెపురుగులు కాపురం పెట్టి చాలాకాలమైనట్టుంది. ఆమె ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"మీరు ఇన్నాళ్లూ ఎక్కడ పడుకున్నారు?" అంది.

"పత్తి మీద," అన్నాడు క్రీస్తుదాసు. ఆ మాటతో మిగతాదంతా తోసుకుంటూ వచ్చేసింది. అల్లుళ్ల సంగతి, రెండొందల యాభై సంగతి, ఆ రోజు ఆమె ముఖంలో వెలుగు చూసి నోరు జారిన సంగతి. పాతని మల్లె అంటు గురించి కూడా చెప్పాడు. ఇల్లు దొరికింది, కానీ తన మాట మీద ఆమెకున్న నమ్మకం పోయిందనుకున్నాడు. ఆ నమ్మకం లేని ఇంట్లో తనకు నిద్ర పట్టదని అతనికి తెలుసు. రెబ్కా కిటికీలోంచి మునగ కొమ్మ కేసి చూస్తూ కూర్చుంది. పది మంది ముందు తను గట్టిగా చెప్పిన మాటలు ఒక్కొక్కటీ ఆమెకు గుర్తొస్తున్నట్టుంది.

ఇంతలో గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. బసవమ్మ.

"ఏమనుకోకమ్మాయ్. పది మందిలో అడగటం బాగోదని ఊరుకున్నా. నువ్వు ఊళ్లో లేనప్పుడు మీ ఆయన మా ఇంట్లో జల్లెడ పట్టుకొచ్చాడు. సన్న కళ్ల జల్లెడ. రేపు కారం జల్లించుకోవాలి."

ఆ జల్లెడ ఏ టైపు మాష్టారు పట్టుకెళ్లాడో ఏమో. క్రీస్తుదాసు కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఈసారి నిజమే చెబుదామని గట్టిగా అనుకున్నాడు. అతని కంటే ముందు రెబ్కా లేచింది.

"అవునండీ, తెచ్చానని నాతో చెప్పారు," అంది తడుముకోకుండా. "సామాను సర్దుకోగానే పొద్దున్నే నేనే తెచ్చిస్తాను పిన్నిగారూ."

బసవమ్మ సంతోషంగా వెళ్లింది. రెబ్కా తలుపు దగ్గరగా వేసి, కొంగు నడుముకు దోపుకుని, మొగుడి వైపు తిరిగింది.

"మూడు నెలలు ఇల్లు సర్దింది మీరేగా. ఆ జల్లెడ ఎక్కడ పెట్టారో వెతకండి."