పదిహేను సెకన్ల గడియారానికి దండం

పిచర్లకు పెట్టిన పదిహేను సెకన్ల గడియారం అంత మేలు, బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మా బనీ ఊరికి ఇంకొకటి జరగలేదు. కాదనేవాళ్లెవరైనా ఉంటే, వాళ్లు మా అబ్బాయి ఆట చూసి ఉండరు.

తెలియని వారికి చెబుతాను. బేస్‌బాల్‌లో ఇప్పుడు బంతి విసిరేవాడికి, అదే పిచర్‌కి, గడువుంది. బంతి చేతికొచ్చాక పదిహేను సెకన్లలో విసరాలి. లేదంటే విసరకుండానే ఆ బంతి తప్పుబంతి అయిపోతుంది, లాభం బ్యాటర్‌కి. స్టేడియం గోడ మీద ఎర్ర అంకెలు దిగిపోతూ ఉంటాయి. "ఇది ఆటా, బస్సు పట్టుకోవడమా?" అని ముసలాళ్లు సణుగుతున్నారు. నేను మాత్రం దండం పెడుతున్నాను.

మా అబ్బాయి ఎలిహియో పద్దెనిమిదేళ్లు పిచర్‌గా ఆడాడు. ఒక్కో బంతికీ నలభై సెకన్లు! టోపీ తీస్తాడు, పెడతాడు. బూటుతో మట్టి సర్దుతాడు. ఎలాంటి బంతి వెయ్యాలో క్యాచర్ ఒక సైగ చేస్తే తల అడ్డంగా ఊపుతాడు, ఇంకో సైగ చేసినా అంతే. ఆఖరికి మూడో బేస్ వైపు చూస్తాడు. అక్కడ పరుగెత్తేందుకు రన్నర్ ఎవడూ లేకపోయినా చూస్తాడు! జనం అరటికాయ వేపుడు కొనుక్కుని, తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి బంతి ఇంకా వాడి చేతిలోనే ఉండేది. స్టేడియమంతా వాణ్ణి తాబేలు అనేది. మా ఊళ్లో పెద్దావిణ్ణి దోన్యా అని పిలుస్తారు. ఒకసారి నా వెనక కూర్చున్నాయన, "దోన్యా, కాన్పుకి కూడా ఇంతే సేపు పట్టిందా?" అని అడిగాడు. పట్టింది. రెండు రోజులు. ఆ సంగతి ఆయనకెందుకు చెప్పాలి?

నలభై సెకన్లలో ఒక తల్లికి ఎన్ని భయాలు పడతాయో ఎవరైనా ఆలోచించారా? మోచెయ్యి పుటుక్కుమంటుందేమో. బ్యాటర్ కొట్టిన బంతి తిన్నగా నుదుటికే వస్తుందేమో. పైన లైటు స్తంభం కూలుతుందేమో. ఆ రోజుల్లోనే గడియారం ఉంటే పదిహేను సెకన్ల భయంతో సరిపోయేది. మిగతా పాతికలో ఊపిరి పీల్చుకునేదాన్ని.

వాడు ఆట మానేసి పదకొండేళ్లయింది. భుజం పోయింది గానీ తీరు పోలేదు. ఉప్పు అందించరా అంటే చేతులు తుడుచుకుంటాడు, కుక్క ఎక్కడుందో చూసుకుంటాడు, అప్పుడు అందిస్తాడు. ఈలోపు పులుసు చల్లారిపోతుంది. పళ్ల డాక్టరు "ఈ పన్ను తీసేద్దామా?" అంటే తల అడ్డంగా ఊపాడు. ఇంకో పన్ను చూపించినా అంతే.

ఇవన్నీ భరించాను. భరించలేనిది జునిల్దా సంగతి. జునిల్దా ఆటగాళ్ల చొక్కాల మీద అంకెలు కుట్టే పిల్ల. పిల్లేమిటిలెండి, నలభై దగ్గర పడింది. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోజనం. పదకొండేళ్లుగా వీడు పెళ్లి మాట అడగబోతూనే ఉన్నాడు. మొన్న ఆమె నాతో మెల్లగా అంది.

"దోన్యా, శాంతియాగోలో మా అక్క కుట్టుషాపు పెట్టింది. వచ్చెయ్యమంటోంది. ఈ ఆదివారం మీ చేతి పులుసు తాగి, సోమవారం బస్సెక్కేస్తా."

అప్పుడే నాకు గోడ మీది ఎర్ర అంకెలు గుర్తొచ్చాయి. బజారుకెళ్లి, కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి గడియారం కొనుక్కొచ్చాను. సెకన్లు కూడా లెక్కపెడుతుంది.

ఆదివారం ముగ్గురం కూర్చున్నాం. మాంసం, దుంపలు వేసిన పులుసు పొగలు కక్కుతోంది. కోడిని బల్ల మధ్యన పెట్టి పదిహేనుకి తిప్పాను.

"ఏదో అడగాలన్నావుగా, అడుగు" అన్నాను.

వాడు చెంచా సర్దాడు. చేతులు తుడుచుకున్నాడు. తల తిప్పి నా మొహం చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కోడి కూసింది.

జునిల్దా లేచి సంచీ అందుకుంది. "గడువు దాటింది దోన్యా. ఇక నేను వెళ్లొచ్చు."

నాకు ఒళ్లు మండింది. "నా మొహంలో ఏముందిరా? దేనికోసం చూస్తున్నావు?"

"నీ పెదాలు ఆగలేదమ్మా."

"ఏమిటీ?"

"గ్రౌండ్‌లోనూ ఇంతేగా. మూడో బేస్ వెనకాల నాలుగో వరసలో కూచుని ఒకటే గొణుగుడు. నీ ప్రార్థన అవకుండా ఎట్లా విసిరేది? ఒక్కసారి ఆగకుండా విసిరా. ఆ బంతే తిరిగొచ్చి మోకాలికి తగిలి నెల్లాళ్లు మంచాన పడ్డా. ఇప్పుడూ గొణుగుతూనే ఉన్నావు."

నిజమే. గొణుగుతున్నాను. వీడి నోరు పెగలాలని ఒకటి. ఆమె కాదనకూడదని ఒకటి. అంటే గింటే సోమవారం బస్సు చెడిపోవాలని ఇంకొకటి.

గిన్నెలోంచి అన్నిటికన్నా పెద్ద దుంప ముక్క తీసి నోట్లో కుక్కుకున్నాను. పెదాలు మూతపడ్డాయి.

నాలుగు సెకన్లలో అడిగేశాడు.

జునిల్దా సంచీ కింద పెట్టి మళ్లీ కూర్చుంది. "పదకొండేళ్లు ఆగాను. నువ్వో పది నిమిషాలు ఆగు" అని పులుసు ఆఖరి చుక్క వరకు తాగింది. మూతి తుడుచుకుని అప్పుడు "సరే" అంది. కోడి వంక ఎవరమూ చూడలేదు.

కాబట్టి గడియారం మంచిదే. నా మాట మీద నేనున్నాను. కాకపోతే ఆ రూల్ రాసిన పెద్దమనుషులకు ఒక చిన్న సంగతి చెప్పాలి. దేవమాతకొకటి, మోచేతికొకటి, నుదుటికొకటి, మొత్తం మూడు ప్రార్థనలు. ఎంత గబగబా చదివినా పదిహేను సెకన్లలో పట్టవు. ఇంట్లో కోడిని పెట్టుకుని చూశాను, మోచెయ్యి దగ్గరే కూసేస్తోంది. ఇప్పటి పిచర్లు, తల్లి నోట్లో సగం మాట ఉండగానే బంతి వదిలేస్తున్నారు.

గోడ మీద ఆ అంకె పెట్టే ముందు, నాలుగో వరసలో ఎవర్నైనా అడిగారా?