కాశ్మీరు స్వెట్టరుకి హీట్ ట్రీట్‌మెంటు

ఉన్నికీ ఉక్కుకీ తేడా లేదని ఒక్క పూట నమ్మిన పాపానికి నేను పదకొండు రోజులు అన్నం సయించక తిరిగాను. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో లేచి వెళ్ళకండి. నా పరువు ఎలా పోయిందో చివర్లో ఉంది, వినదగ్గది అదే.

భిలాయి ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌ని నేను. అమ్మానాన్నలు పెట్టిన పేరు ధర్మారావు, షిఫ్టువాళ్ళు పెట్టింది 'ప్రొసీజర్ రావు'. ఒక బోల్టు బిగించాలన్నా ముందు కాగితం మీద వరసగా రాసుకుని, కింద సంతకం పెట్టి, అప్పుడు స్పానరు పట్టుకుంటాను. సెక్టర్ టూలో మా క్వార్టరుకొచ్చేసరికి ఈ పద్ధతికి గిరాకీ లేదు. అక్కడ మా ఆవిడ వనజాక్షిది ఒకటే ప్రొసీజరు, "మీరు ముట్టుకోకండి."

మా బావమరిది లక్ష్మీప్రసాద్ మిలిటరీలో హవల్దారు. కిందటేడు శ్రీనగర్ నుంచి వస్తూ నాకో కాశ్మీరు మేక ఉన్ని స్వెట్టరు తెచ్చాడు. పిస్తా రంగు. చేత్తో పట్టుకుంటే బరువుండదు, తొడుక్కుంటే చలుండదు. శ్రీకాకుళం వైపు పుట్టినవాళ్ళం, మాకు స్వెట్టర్ల సంగతేం తెలుసు? చలేస్తే దుప్పటి కప్పుకుంటాం, మరీ చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటాం.

అందుకే కాబోలు, స్వెట్టరు వెనకే ఒక ఇన్‌లాండ్ లెటరు నిండా జాగ్రత్తలు రాసి పంపాడు. చన్నీళ్ళలోనే ఉతకాలి. కుంకుడు రసం లాంటి మెత్తటిదే వాడాలి. పిండకూడదు, తువ్వాల్లో చుట్టి తడి అద్దాలి. తీగ మీద వెయ్యకూడదు, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాలి. హేంగరుకి తగిలించకుండా వేపాకు వేసి మడతపెట్టాలి. వనజాక్షి ఆ ఉత్తరాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది.

"ఇది స్వెట్టరా, బాలింతా?" అన్నాను.

"నా పురుడప్పుడు మీరు ఇందులో సగం చూసినా చాలునండీ" అంది. నేను పేపరు తిరగేశాను.

కార్తీక వనభోజనాలకి ఆ స్వెట్టరు వేసుకోవద్దని చెప్పింది. పొద్దున్నే చలిగా ఉందని వేసుకున్నాను. అసలు కారణం చలి కాదు, మిల్లులో మా మేనేజరుకి కూడా అలాంటిది లేకపోవడం. విస్తట్లో గుత్తివంకాయ నా మీద కక్ష కట్టినట్టు జారి, సరిగ్గా పొట్ట మీద పడింది. సాయంత్రం దాకా చేతులు కట్టుకునే తిరిగాను. "ఏంటండీ, ఇవాళ ఇంత వినయం?" అని వనజాక్షి రెండుసార్లు అడిగింది.

మరకతోనే మడతపెట్టి బీరువా అడుగున దాచేశాను. నాలుగో రోజు లక్ష్మీప్రసాద్ ఉత్తరం వచ్చింది. డిసెంబరు పదో తారీకున దిగి రెండు రోజులుంటాడట. 'బావ ఒంటి మీద ఆ స్వెట్టరు కళ్ళారా చూడాలి' అని రాశాడు.

ఇక ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను. నవంబరు ముప్ఫైన వనజాక్షి క్యాంపు వన్‌లో సింహాచలమ్మగారి కోడలి సీమంతానికి వెళ్ళింది. నాకు మధ్యాహ్నం షిఫ్టు. పనిమనిషి కన్నమ్మ పదకొండుకి గానీ రాదు. రెండు గంటలు నా చేతిలో ఉన్నాయి. కాగితం తీసి ప్రొసీజరు రాశాను, సంతకం కూడా పెట్టాను.

బీరువా తలుపు మీది ఉత్తరం చూడలేదా అంటారా? చూశాను. హవల్దారుకి ఇంజనీరింగు ఏం తెలుసులే అనుకున్నాను. మిల్లులో గ్రీజు పట్టిన పళ్ళచక్రాల్ని సోడా నీళ్ళలో మరిగిస్తే తళతళలాడుతూ బయటికొస్తాయి. గుత్తివంకాయ నూనె గ్రీజు కన్నా గట్టిదా?

బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి నీళ్ళు పొగలు కక్కేదాకా కాచాను. బట్టల సోడా ఒక గుప్పెడు, సబ్బు పొడి రెండు గుప్పెళ్ళు వేశాను. స్వెట్టరు అందులో పడేసి పావుగంట కర్రతో తిప్పాను. మరక పోయింది! బాత్‌రూములో ఒక్కణ్ణే నిలబడి ఈల వేశాను.

అక్కడితో ఆపినా కొంత మిగిలేదేమో. కానీ నా ప్రొసీజరులో ఇంకో మెట్టు ఉంది. ఎర్రగా కాలిన ఇనుముని చన్నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కదా, స్వెట్టరు కూడా గట్టిపడితే ఇంకో పదేళ్ళు మన్నుతుందని, పొగలు కక్కుతున్నదాన్ని తీసి కుళాయి కింద పెట్టాను. డిసెంబరు దగ్గరపడ్డాక భిలాయి కుళాయి నీళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తర్వాత రెండు చేతులా మెలితిప్పి పిండాను.

గట్టిపడింది. నేల మీద నిలబెడితే నిలబడింది. నలభై రెండంగుళాల నా ఛాతీకి తెచ్చింది కాస్తా ఎకాఎకి ఇరవై ఎనిమిదికి దిగింది. తల దూర్చి చూస్తే చెవుల దగ్గరే ఆగిపోయింది.

కంగారు పడలేదు. పొట్టి కడ్డీని పొడుగు చెయ్యడమే నా ఉద్యోగం, జీతం ఇస్తున్నదే అందుకు. వెనక వరండాలో కొక్కేనికి స్వెట్టరు మెడ తగిలించి, ఒక చేతికి రుబ్బురోలు పొత్రం, రెండో చేతికి ఇటికల సంచీ కట్టాను. అరగంట అయ్యాక చూస్తే ఒళ్ళు ఒక్క అంగుళం కదల్లేదు. చేతులు మాత్రం మోకాళ్ళ దాకా దిగాయి.

ఇంతలో గేటు చప్పుడైంది. గబగబా విప్పి ఎక్కడ దాచాలా అని చూశాను. ఎదురుగా కూలరు! వేసవంతా ఊరు లేచిపోయేలా అరిచే ఆ రేకు కూలరు చలికాలంలో పాత దుప్పటి కప్పుకుని వెనక వరండాలో పడుకుంటుంది. హోళీ దాకా దాని మొహం చూసేవాళ్ళుండరు. పక్క తలుపు తీసి, గడ్డి వెనక స్వెట్టరు కుక్కేశాను.

కన్నమ్మ వచ్చి పొత్రం వంక చూసింది. "ఏటి బాబూ, పొత్రానికి తాడు కట్టేరు?"

"శుభ్రం చేస్తున్నాను."

"సెయ్యండి సెయ్యండి. బాబులు ఇంటిపని సేత్తంటే ముచ్చటగుంటాది" అని అంట్ల దగ్గర కూర్చుంది.

వనజాక్షి రాగానే, అడక్కముందే చెప్పేశాను, పెరట్లో ఆరేసిన స్వెట్టరుని ఎవరో ఎత్తుకుపోయారని.

"ఎందుకు ఆరేశారు?"

"గాలి తగలాలని."

"పక్కనే మీ లుంగీ ఉందే?"

"ఉంది."

"చొక్కా?"

"అదీ ఉంది."

"అయితే దొంగకి ఉన్ని సంగతి బాగా తెలుసన్నమాట. మీకన్నా నయం."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

పక్కింటి మణిమాల దీదీకి గోడ మీంచి విషయం తెలిసింది. ఆవిడకి వెంటనే రెండేళ్ళ కిందట పోయిన దిండు గలీబు గుర్తొచ్చింది. సాయంత్రానికి మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి పోయింది. మర్నాడు సెక్యూరిటీ జవాను నోటుబుక్కుతో వచ్చి, "చోర్ కో దేఖా సాబ్?" అన్నాడు. లేదని ఊరుకోవచ్చు కదా. వెనక నుంచి చూశానన్నాను. ఎత్తు అడిగాడు, చెప్పాను. మీసం ఉందా అన్నాడు, ఉందన్నాను.

"వెనక నుంచి చూస్తే మీసం కనబడిందా?" అంది వనజాక్షి.

"పెద్ద మీసం" అన్నాను.

ఆ వారమంతా మా వీధిలోకొచ్చిన మీసాలవాళ్ళందరినీ ఆపి అడిగారు. కత్తులు సాన పట్టేవాడు ఈ గొడవ పడలేక మీసం తీయించుకున్నాడని మణిమాల దీదీ చెప్పింది. అది నిజమో కాదో నేను విచారించలేదు. భయమేసింది.

తొమ్మిదో తారీకున పప్పు వడ్డిస్తూ వనజాక్షి అసలు బాంబు వేసింది. "ఆ పూట మన పెరట్లోకొచ్చింది కన్నమ్మ ఒక్కర్తే. రేపు తమ్ముడి ఎదురుగానే అడిగేస్తాను."

"ఛ, కన్నమ్మ అలాంటిది కాదు."

"మీకెలా తెలుసు?"

"మొహం చూస్తే తెలీదూ?"

"ఏడేళ్ళలో దాని మొహం మీరెప్పుడు చూశారు?"

నిజమే, చూడలేదు. అయినా ఒకటి మాత్రం నాకు తెలుసు. నాలుగిళ్ళ పని మీద బతికే మనిషి అది. సెక్టర్ టూలో ఒక ఇంట్లో దొంగ అన్నారంటే మిగతా మూడిళ్ళూ తలుపులు వేసేస్తాయి. చెప్పెయ్యాలని నాలుగుసార్లు నోరు తెరిచాను, నాలుగుసార్లూ మంచినీళ్ళు అడిగాను. నామీద నాకే అసహ్యమేసింది. స్వెట్టరు పాడుచేసినందుకు మాత్రం కాదు.

పదో తారీకు పొద్దున్న లక్ష్మీప్రసాద్ దిగాడు. టిఫిన్లయ్యాయి. వనజాక్షి కన్నమ్మని ముందుగదిలోకి పిలిచింది. పని మధ్యలో లేచొచ్చింది, మెడ నుంచి మోకాళ్ళ దాకా ముతక దుప్పటి చుట్టుకుని ఉంది.

"కన్నమ్మా, అయ్యగారి స్వెట్టరు సంగతి నీకేమైనా తెలుసా?"

కన్నమ్మ తల దించుకుంది. "నాకేటి తెల్సమ్మా. బాబునే అడగండి. నాను దొంగనని బాబు అంటే దొంగనే."

ముగ్గురూ నా వంక చూశారు. పెద్ద మీసం గురించి ఇంకో మాట అంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది. కన్నమ్మ కాళ్ళు చూశాను, నీళ్ళలో నాని పగిలిన మడమలు. ఇక నావల్ల కాలేదు.

"నేనే" అన్నాను. గుత్తివంకాయ దగ్గర మొదలుపెట్టి సోడా, కుళాయి, పొత్రం, ఇటికలు, కూలరు, మీసం, అన్నీ వరసగా చెప్పేశాను. లక్ష్మీప్రసాద్ అటు తిరిగి కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"నమ్మకపోతే చూపిస్తాను!" అని వెనక వరండాకి పరిగెత్తాను. దుప్పటి లాగి కూలరు తలుపు తీశాను. గడ్డి ఉంది. స్వెట్టరు లేదు.

"వనజా! ఇప్పుడు నిజంగానే పోయింది!"

"అయితే సెక్యూరిటీని పిలుద్దాం. దొంగ ఆనవాళ్ళు మీరు ముందే రాయించారుగా" అంది గుమ్మంలో నిలబడి.

ఆమె వెనకే వచ్చిన కన్నమ్మ దుప్పటి తీసింది. లోపల పిస్తా రంగు! బక్కపల్చటి మనిషికి కొలతలు తీసి అల్లినట్టు అతికింది. చేతులు మాత్రం నాలుగు మడతలు పెట్టుకుంది.

"ఇదేనా బాబూ? పది దినాలై ఏసుకుంటన్నాను. మీ ఎదరే అంట్లు తోముతన్నాను."

"ఎలా...?"

"ఆ వేళ పొత్రం కాడ తడి, కూలరు కిందా తడి. అమ్మగారొచ్చాక సెప్పేను."

"మీరు డ్యూటీకెళ్ళగానే తీశాను" అంది వనజాక్షి. "మీరు ఉడకేసిన పుణ్యాన చిక్కబడిపోయింది, గాలి కూడా దూరదు. చన్నీళ్ళలో పనిచేసే మనిషి, వేసుకోమన్నాను."

"మరి దానిమీదే అనుమానమన్నట్టు మాట్లాడావే!"

"మీరు చెప్తారా లేదా చూద్దామనుకున్నాను. నిన్న మీరు నాలుగో గ్లాసు మంచినీళ్ళు తాగినప్పుడు నాకు నిజంగా భయమేసిందండీ, చెప్పరేమోనని." ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఎగతాళి లేదు. నేను తలెత్తలేకపోయాను.

"అమ్మగారూ నానూ పందెం ఏసుకున్నాం బాబూ" అంది కన్నమ్మ. "బాబు సెప్తారని అమ్మగారు. సెప్పరని నాను." ఓడిపోయినందుకు దానికి సంతోషంగానే ఉన్నట్టుంది. ఆ రోజు మొదటిసారి దాని మొహం సరిగ్గా చూశాను.

లక్ష్మీప్రసాద్ కళ్ళు తుడుచుకుంటూ పెట్టె తెచ్చి తెరిచాడు. "అక్క ముందే ఎస్టీడీ చేసి అంతా చెప్పింది బావా. కంటితో చూస్తే తప్ప నమ్మలేకపోయాను" అని కాఫీ రంగు కాశ్మీరు స్వెట్టరు ఇంకొకటి తీశాడు. నేను చెయ్యి చాపాను. వనజాక్షి నాకన్నా ముందు అందుకుని, "మీరు ముట్టుకోకండి" అంది.

కన్నమ్మ చెయ్యి తుడుచుకుని ఆ ఉన్నిని ఒక్కసారి నిమిరింది. తర్వాత నా వంక ఓసారి చూసి, వనజాక్షితో ఎంతో మర్యాదగా అంది.

"అలగనకండమ్మా, ఇది కూడా బాబునే ఉతకనియ్యండి. మా సెల్లికి సలెక్కువ."