నాలుగు మూలల నడుమ చుక్క

ఆదివారం పొద్దున్నే కోటప్పకొండ వెళ్ళి, వచ్చేటప్పుడు నరసరావుపేటలో దోసెలు తినాలన్నది ఫణీంద్ర, జ్యోతిర్మయిల పథకం. పెళ్ళై రెండు నెలలే కాబట్టి వాళ్ళకి దోసె కూడా పండగే. ఆమె జడ వేసుకుంటుండగా, శుక్రవారం హైదరాబాదు లాబ్‌లో తను తీసిన ఫోటోకి పీహెచ్‌డీ గైడ్ నుంచి "అద్భుతం" అని జవాబొచ్చింది. ఎనిమిది నెలలుగా చిక్కని ఫోటో అది. కంటికి ఆనని చదరపు లోహపు పొర. దానిలో అయస్కాంతత్వం ఎటెటు తిరిగిందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పట్టేసింది. మూల నుంచి మూలకి రెండు సన్నగీతలు, కలిసేచోట తెల్ల చుక్క.

ఫణీంద్ర గర్వం పట్టలేక గురజాల దగ్గర పల్లెలో ఉన్న తండ్రికి దాన్ని పంపాడు: "మీ కోడలు తీసింది నాన్నా. మధ్యలో చుక్క చూడండి."

వెంకటప్పయ్య చూశాడు. ఆయన మిరపచేను కూడా సరిగ్గా చతురస్రమే. నాలుగు బోర్లు వేసి నాలుగింటా దుమ్మే చూసిన మనిషి. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళ జాడ చెప్పేవాళ్ళంతా అయిపోయారు. ఐదో బోరుకు వచ్చిన బండి, ఎక్కడ దించాలో పాయింటు తేలక గట్టున నిలబడి ఉంది. ఈ తడవ నీళ్ళు పడకపోతే మిరప మీద ఆశ వదులుకోవాల్సిందే. కంటికి కనపడని లోపలి సంగతులు మిషన్‌తో ఫోటో తీస్తానని కోడలు పోయిన వారమే చెప్పింది.

"ఇమాం సాహెబూ, నాలుగు మూలలకీ తాళ్ళు లాగు. కలిసినకాడ దింపు," అని బోరుబండి ఆయనకి చెప్పాడు.

అత్తగారు ఇందిర ఫోన్‌లోని ఫోటోకే పసుపు రాసి బొట్టు పెట్టింది. ఫణీంద్రకు "పాయింటు చానా బాగుంది, దించాం" అని మెసేజ్ వచ్చింది. వెనకే మిరపచేలో బోరుబండి ఫోటో.

"ఏవండీ, మామయ్యకి ఏమని పంపారు?"

ఫోన్ చేస్తే బండి మోతలో ఎవరికీ వినపడలేదు. మోటారుసైకిల్ కోటప్పకొండ మానుకుని గురజాల దారి పట్టింది.

వాళ్ళు చేరేసరికి మూడువందల అడుగులు. తెల్లటి దుమ్ము. చుట్టూ సగం ఊరు.

"మామయ్యా, అది మీ చేను కాదు," అంది జ్యోతిర్మయి. "అట్లాంటివి వెంట్రుక మందాన నలభై పడతాయి."

పక్కచేను గంగయ్య విరగబడి నవ్వాడు. "ఏంది అప్పయ్యా, వెంట్రుకలో బోరేశావా?"

ఇమాం సాహెబ్ బండి ఆపబోయాడు. వెంకటప్పయ్య ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు.

"అంత దాంట్లో నడిమధ్య పట్టుకున్నావా అమ్మా?"

"ఎనిమిది నెలలు పట్టింది మామయ్యా."

"విన్నావంట్రా గంగయ్యా? మనం ఎకరంలో జాడ తీయలేక చస్తన్నాం, మా కోడలు వెంట్రుకలో తీసింది. నీళ్ళు లేకపోతే తప్పు నేలది. సాహెబూ, ఆపమాక, ఇంకో రాడ్డు దింపు."

ఆ రాడ్డు సగం దిగేసరికి దుమ్ము బురదైంది. తర్వాత నీళ్ళు బుస్సున లేచి, కొత్త దంపతుల్ని నిలువునా తడిపాయి.

"ఇది అదృష్టం మామయ్యా, ఫోటోకి సంబంధం లేదు," అంది ఆమె, నవ్వాపుకోలేక.

"పెద్ద చదువులోళ్ళు అట్నే అంటారులే," అని ఆయన ఊరందరి వంకా చూశాడు.

సాయంత్రానికి ఆమె ఫోన్‌కి పదకొండు చేల ఫోటోలు వచ్చాయి, అన్నీ చతురస్రంగా కత్తిరించి.