లుగోవ్స్క్‌లో క్యూ లేదు

లుగోవ్స్క్ పట్టణంలో ఇకమీదట క్యూలు ఉండవని పార్టీ కార్యదర్శి గెన్నాదీ త్రొఫీమొవిచ్ లొపాతిన్ సోమవారం ఉదయం రేడియోలో ప్రకటించారు. ఎనభై మూడో సంవత్సరంలో సోవియట్ దేశం మొత్తం వెతికినా అలాంటి ఊరు ఇంకొకటి లేదు. సరుకుల కొరత తీర్చడం ఎంతటివారికైనా కష్టమే. క్యూను రద్దు చేయడానికి మాత్రం ఒక్క సంతకం చాలు. ఇంత తేలిక ఉపాయం అంతకుముందు ఎవరికీ తట్టకపోవడమే వింత.

మధ్యాహ్నానికి పాత గిడ్డంగి గోడ పక్కన వందమంది క్యూ కట్టారు.

లొపాతిన్ టోపీ చేత్తో పట్టుకుని పరుగున వెళ్ళారు.

"దేనికమ్మా ఈ క్యూ?"

"ముందువాళ్ళకి తెలుసండీ."

"బూట్లంట," అన్నాడు ముందున్నాయన. "ఫిన్లండ్ బూట్లు."

"బూట్లా నీ మొహమా! నారింజలు," అంది అతని ముందున్నావిడ.

"లోపల ఏమీ లేదు! ఇళ్ళకి పొండి. పార్టీ తరఫున మాటిస్తున్నాను."

అక్కడే పొరపాటు జరిగింది. అంతటి కార్యదర్శి స్వయంగా వచ్చి ఏమీ లేదన్నారంటే, ఉన్నది నారింజలకన్నా గొప్పదే అయివుండాలి. దేవుణ్ణి నమ్మనక్కర్లేదని బళ్ళో నేర్చుకున్న ఆ ఊరివాళ్ళు, క్యూని మాత్రం నిండు మనసుతో నమ్మేవారు. సాయంత్రానికి క్యూ నది వంతెన దాకా పాకింది. అక్కడ సంచీ పట్టుకుని కార్యదర్శిగారి భార్య జినయీదా నిలబడి ఉంది.

"నువ్వు కూడానా జీనా! ఏమీ లేదని చెప్పానుగా!"

"మీరు చెప్పారనే వచ్చాను. పోయినేడు వెన్న వచ్చినప్పుడూ ఇలాగే చెప్పారు."

ఆకాశంలో తిరిగే అమెరికా ఉపగ్రహం ఆ క్యూని ఫొటో తీసింది. అమెరికావాళ్ళు తెలివైనవాళ్ళు. ఏమీ లేని గోడ ముందు ఇంతమంది ఎందుకు నిలబడతారు? అది రహస్య ఆయుధాల కర్మాగారమనీ, వీళ్ళంతా అందులో పనివాళ్ళనీ తేల్చారు. ఒక అణుక్షిపణిని లుగోవ్స్క్ మీదికి గురిపెట్టి, ఆ సంగతి రేడియోలో చెప్పారు కూడా.

గురువారం మాస్కో నుంచి జనరల్ కపూస్తిన్ దిగారు. గిడ్డంగి తాళం పగలగొట్టించారు. లోపల ఖాళీ దోసకాయ ఊరగాయ పీపాలు, ఒక పిల్లి.

"ఇంతేనా?"

"ఇంతే, కామ్రేడ్ జనరల్."

జనరల్ ఒక పీపాలోకి తొంగిచూశారు. "అంత ఖర్చుపెట్టి చేసుకున్న క్షిపణిని పీపాల మీద గురిపెడతారా ఎవరైనా? అంటే ఇక్కడ మనకి కూడా తెలియని రహస్యం ఏదో ఉందన్నమాట."

వెంటనే గోడ చుట్టూ సైనికుల కాపలా పడింది. ఉపగ్రహం సైనికుల్ని చూసింది. అమెరికా ఇంకో మూడు క్షిపణుల్ని ఇటు తిప్పింది. నాలుగు క్షిపణులు చూస్తున్న ఊళ్ళో మనదంటూ ఒక్కటైనా లేకపోతే పరువేం కావాలి? ఒకదాన్ని లారీ మీద పంపుతున్నామని మాస్కో నుంచి ఫోన్ వచ్చింది.

ఆ మాట వినగానే లొపాతిన్ జనరల్ చెయ్యి పట్టుకున్నారు. గిడ్డంగికి ఎదురుగానే ఆయన మనవరాలు చదివే బడి.

"కామ్రేడ్ జనరల్, అవి ఖాళీ పీపాలని వాళ్ళకి చెప్పేద్దాం."

"చెబితే నమ్ముతారా?"

లొపాతిన్ వంతెన దగ్గరున్న భార్య వైపు చూశారు.

"పోనీ, మన సైనికుల్ని తీసేస్తే?"

"ముందు వాళ్ళ క్షిపణుల్ని తియ్యమను." జనరల్ స్వతహాగా దయగల మనిషి. "సరే, లారీ పొద్దుగూకేసరికి వస్తుంది. ఈలోగా క్యూ చెదిరితే వెనక్కి పంపించేస్తాను."

లొపాతిన్ క్యూ మొదటికి పరుగెత్తారు. అక్కడ గ్లఫీరా అవ్వ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది.

"అవ్వా, నీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పు. అందరికన్నా ముందు నువ్వెందుకు నిలబడ్డావు?"

"మోకాళ్ళ నొప్పి నాయనా. గోడకి ఎండ బాగుందని కాసేపు ఆనుకున్నాను. ఎవరో పిల్ల వచ్చి, క్యూలో చేరేవాళ్ళు అడిగినట్టే, 'ఆఖరు ఎవరు?' అంది. నేనేనన్నాను."

"దేవుడు మేలు చేశాడు!" అన్నారు లొపాతిన్. ముప్ఫై ఏళ్ళ పార్టీ జీవితంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. "అయితే లే అవ్వా. నువ్వు ఇంటికి పోతే నీ వెనకవాళ్ళూ పోతారు."

అవ్వ ఆయన్ని జాలిగా చూసింది.

"ఎలా పోతాను నాయనా? ఇంతమంది ఊరికే నిలబడతారా? సైనికులొచ్చారు. జనరల్‌గారొచ్చారు. అమెరికావాళ్ళు కూడా కన్నేశారంటున్నారు. ఏదో పెద్దదే ఇస్తారు. నాది మొదటి చోటు. ఇప్పుడు లేచిపోతే మళ్ళీ చివర నిలబెట్టరూ?"

లొపాతిన్ క్యూ వెంబడే నడిచారు. వంతెన దగ్గర భార్య పక్కన ఆగారు.

"మధ్యలో దూరితే జనం ఊరుకోరు," అంది జినయీదా. "వెనక్కి పొండి."

ఆయన వెనక్కి వెళ్ళారు.

పొద్దుగూకే వేళకి వంతెన అవతల పెద్ద లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద టార్పాలిన్ కప్పిన పొడుగాటి సరుకేదో ఉంది. డ్రైవరు తల బయటపెట్టి కనుచూపు మేర ఉన్న జనాన్ని చూశాడు.

"ఆఖరు ఎవరండీ?"

లొపాతిన్ చెయ్యెత్తారు.

"నేనే."