ఉడతలకు పెట్టదగిన గింజలు

సెల్‌ఫోను మనుషుల్ని పాడుచేస్తోందని గోలపెట్టేవాళ్లు ఒక్కసారి విజయవాడ భవానీపురం వచ్చి జానకిరామ్‌గారి పెరడు చూడాలి. ఆ పెరట్లో ఉడతలు అందుకున్నంత శాస్త్రీయమైన పోషణ కృష్ణకి ఇవతల గానీ అవతల గానీ ఇంకే ఉడతకైనా అందిందా? ఆ భాగ్యం వాటికి ఫోను వల్లే కదా పట్టింది!

జానకిరామ్‌గారు కాలువల ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఏ కాగితాన్నీ నాలుగుసార్లు చదవకుండా పై టేబుల్‌కి పంపని మనిషి. రిటైరయ్యాక చదవడానికి కాగితాలు లేక దిగులుపడుతుంటే వాళ్లబ్బాయి కొత్త ఫోను కొనిచ్చాడు. దాంతో ఆయన మళ్లీ ఉద్యోగంలో చేరినట్టయింది.

ఒకరోజు సాయంత్రం ఆయన పెరట్లో కుర్చీ వేసుకుని ఉప్పుపల్లీలు తింటూ, జామచెట్టు మీది ఉడతకి కూడా నాలుగు విసిరారు. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న హేమ అది చూసింది. ఆ అమ్మాయి కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఉప్పు వేసినవి ఉడతలకి మంచివి కావు అంకుల్ అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

అంతే. జానకిరామ్‌గారికి అన్నం సహించలేదు. ఇన్నాళ్లూ ఎన్ని ఉడతలకి బీపీ తెప్పించాడో తను!

మర్నాడు పొద్దున్నే ఫోను తెరిచి చదవడం మొదలుపెట్టారు. ఉప్పు కడిగేస్తే సరిపోతుందనుకుని పల్లీల్ని మూడు నీళ్లలో కడిగి తువ్వాలు మీద ఆరబోశారు. అవి ఆరేలోపు ఇంకో పేజీలో, పల్లీల్లో కంటికి కనపడని బూజు ఉండొచ్చని చదివారు. భూతద్దం పెట్టి ఒక్కొక్క గింజనీ పరీక్షించారు. కంటికి కనపడనిది భూతద్దానికైనా కనపడుతుందో లేదో తేల్చుకోలేక మొత్తం పక్కన పెట్టేశారు. జీడిపప్పులో కాల్షియం తక్కువట. అదీ వద్దనుకున్నారు.

బాదం మంచిదేనట. కాకపోతే చేదుబాదం విషమట. మరి చేదో కాదో ఎలా తెలుస్తుంది? ఆయనే ఒక్కొక్క గింజ కొన కొరికి చూశారు. తీరా కొరికాక, ఎంగిలివి మూగజీవాలకి పెట్టడం మర్యాదగా తోచలేదు. అందుకని కొరికినవన్నీ ఆయనే తినేశారు. రెండు వారాల్లో ఉడతల సంగతేమో గానీ ఆయన మొహంలో మాత్రం మంచి కళ వచ్చింది.

అసలు రహస్యం మూడో వారంలో బయటపడింది. ఉడత ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయట. గట్టివి కొరుకుతుంటేనే అరుగుతాయట. కాబట్టి పెంకుతో ఉన్న ఆక్రోట్లే దానికి సరైన ఆహారం. జానకిరామ్‌గారు వెంటనే సంచీ పట్టుకుని వన్‌టౌన్ వెళ్లారు.

అక్కడ డ్రైఫ్రూట్స్ కొట్టు జాహిద్‌ది. నెమ్మదైన మనిషి. పెంకు తీసినవి తూస్తుంటే ఆయన వారించి, పెంకుతోనే కావాలన్నారు.

"ఇంట్లో కొట్టుకోవడం కష్టమండీ. పిల్లలకా?" అన్నాడు జాహిద్.

"ఉడతలకి."

జాహిద్ తక్కెడ కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "ఎన్ని ఉడతలండీ?"

"రెండు. ఒక్కోరోజు మూడు."

"అయితే అరకిలో చాలండి," అని జాహిద్ శ్రద్ధగా తూచి ఇచ్చాడు. వ్యాపారం అంటే అలా ఉండాలి.

ఇంటికొచ్చి ఆక్రోట్లని పళ్లెంలో పెట్టి గోడ మీద ఉంచారు. ఉడతలు వచ్చాయి, వాసన చూశాయి, ఒకదాన్ని గోడ మీంచి కిందికి దొర్లించాయి. ఆ తర్వాత వెళ్లి జామకాయలు తిన్నాయి. నాలుగు రోజులు ఇదే తంతు. జానకిరామ్‌గారు ఫోనులో వాటి ఫొటోలు తీసి, పెద్దవి చేసి, పళ్లు ఏ మేరకు పెరిగాయో చూసుకుని ఆందోళనపడ్డారు.

అయిదో రోజు ఇంకో విషయం గమనించారు. పదకొండు గంటలయ్యేసరికి ఉడతలు గోడ దిగి వంటింటి కిటికీ వైపు పరిగెడుతున్నాయి. ఆయన చప్పుడు చెయ్యకుండా నీళ్లడ్రమ్ము వెనక నిలబడ్డారు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అది ఆయన భార్య నాగలక్ష్మిగారి చెయ్యి. నానబెట్టి, తొక్క తీసిన అయిదు బాదం గింజల్ని కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. ఉడతలు ఇష్టంగా తినేశాయి.

జానకిరామ్‌గారికి తన ఆఫీసులో ఎవరో ఫైలు దొంగిలించినంత కోపం వచ్చింది. గబగబా లోపలికి వెళ్లి, అలా మెత్తగా నానబెట్టి పెడితే వాటి పళ్లు అరగక ఏమైపోవాలని నిలదీశారు. ఉడత నోటి నిర్మాణం గురించి పది నిమిషాలు చెప్పారు.

నాగలక్ష్మిగారు పొయ్యి తగ్గించి అంతా విన్నారు.

"అవి ఉడతల కోసం నానబెట్టినవి కావండీ. రోజూ అయిదు తినమని డాక్టరుగారు నాకు చెప్పినవి."

"మరి నువ్వు తినకుండా వాటికెందుకు?"

"నమలలేకపోతున్నాను. దవడపన్ను కదిలిపోయి నాలుగు నెలలైంది."

 తనకెందుకు చెప్పలేదని అడిగారు జానకిరామ్‌గారు.

"రెండుసార్లు చెప్పాను. మీరు ఫోను చూసుకుంటూ ఊఁ అన్నారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. పోట్లాడి, ఓడిపోయి, తప్పు ఒప్పుకోవచ్చు. ఆవిడేమో కూర కలుపుతూ నిలబడ్డారు. అప్పుడు చూశారాయన, ఆవిడ మెడ దగ్గర జాకెట్టు వదులైపోయి ఉంది. నాలుగు నెలలుగా ఎదురుగా కూర్చుని భోంచేస్తున్న మనిషి చిక్కిపోయిందన్న సంగతి ఏ పేజీలోనూ రాలేదు మరి, ఆయనకెలా తెలుస్తుంది?

ఆ సాయంత్రమే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు పన్ను తీసేసి, ఇంకాస్త ముందే రావలసిందని మాత్రం అన్నాడు. జానకిరామ్‌గారు తల ఊపారు. ఆటోలో వస్తున్నంతసేపూ ఆవిడ చేతిసంచీ తన ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ బుగ్గ మీద రుమాలు ఒత్తుకుని కళ్లు మూసుకుని ఉన్నారు.

ఇంటికొచ్చి ఆవిణ్ని మంచం మీద కూర్చోబెట్టి, ఆయన కళ్లజోడు సరిచేసుకుని ఫోను తీశారు. పన్ను తీయించుకున్నవాళ్లు ఏం తినాలో వెతకడం మొదలుపెట్టారు. ఒకరు జావ అన్నారు, ఒకరు జావ వేడిగా ఉండకూడదన్నారు, ఇంకొకరు పళ్లరసమన్నారు. పేజీలు పైకి పోతూనే ఉన్నాయి.

నాగలక్ష్మిగారు చెయ్యి చాపి ఫోను తీసుకుని దిండు కింద పెట్టేశారు.

"నన్నడగండి," అన్నారు, సగం నోటితోనే.

పెళ్లయిన ముప్పై ఆరేళ్లకి జానకిరామ్‌గారు అడిగారు. పెరుగన్నం చాలట, మెత్తగా పిసికి.